కుట్టుమిషను సూదికి దారం ఎక్కించే సాధనం

కుట్టుమిషను సూదికి దారం ఎక్కించే సాధనం చేతితో పట్టుకొని వాడే ఒక చిన్న పనిముట్టు. మిషనుకు బిగించి ఉన్న సూది బెజ్జంలోకి దారాన్ని సులువుగా పంపడానికి దీనిని ఉపయోగిస్తారు. దుకాణాలలో దీనిని నీడిల్ త్రెడర్ అని అంటారు. చూపు మందగించినవారికి, చేతులు వణికేవారికి, కీళ్ళు లేదా మెడ బిగుసుకుపోయినవారికి ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలలో కుట్టుపని అనేక కుటుంబాలకు జీవనాధారం. నలభై ఏళ్ళు దాటిన దర్జీలు, ఇంటివద్ద మిషను కుట్టే మహిళలు తమ పనిని కొనసాగించడానికి చత్వారపు అద్దాలతో పాటు ఈ సాధనం కూడా తోడ్పడుతుంది.

మిషను సూది నిర్మాణం

చేతిసూదికి బెజ్జం మొద్దు చివర ఉంటుంది. మిషను సూదికి బెజ్జం మొనకు దగ్గరగా ఉంటుంది. మిషను కుట్టులో సూది పూర్తిగా బట్టను దాటి వెళ్ళదు. మొన మాత్రమే కిందికి దిగి, పై దారాన్ని ఉచ్చులా చేసి, అడుగున ఉన్న బాబిన్ దారంతో పెనవేసి మళ్ళీ పైకి వస్తుంది. అందువల్ల బెజ్జం మొన దగ్గర ఉండటం తప్పనిసరి. మొన దగ్గర బెజ్జం ఉన్న సూదితో, రెండు దారాలతో కుట్టే యంత్రానికి అమెరికాకు చెందిన ఎలియాస్ హోవ్ 1846 సెప్టెంబరు 10న పేటెంటు పొందాడు.

మిషను సూదికి ఒక వైపు పొడవైన గాడి ఉంటుంది. సూది దిగేటప్పుడు దారం ఈ గాడిలో ఒదిగి ఉంటుంది. దానికి ఎదురుగా, బెజ్జానికి కొద్దిగా పైన, చిన్న నొక్కు ఉంటుంది. షటిల్ కొక్కెం దారపు ఉచ్చును అందుకునేది ఇక్కడే. ఇంటి మిషన్ల సూదులకు బిగించే భాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. చదును, నొక్కు ఒకే వైపున, పొడవు గాడి వాటికి ఎదురుగా ఉంటాయి. దారం ఎల్లప్పుడూ పొడవు గాడి ఉన్న వైపునుండి ప్రవేశించి, నొక్కు ఉన్న వైపుకు బయటకు రావాలి. మిషను రకాన్నిబట్టి గాడి ఎడమకో, కుడికో, ముందుకో ఉంటుంది. దారం ఎదురు దిశలో ఎక్కిస్తే కుట్లు తప్పిపోతాయి లేదా దారం తెగుతుంది.

సూదుల పరిమాణాన్ని 75/11, 90/14, 100/16 వంటి జంట సంఖ్యలతో సూచిస్తారు. మొదటి సంఖ్య సూది మందాన్ని మిల్లీమీటరులో నూరోవంతులలో తెలుపుతుంది. అంటే 90 సంఖ్య గల సూది మందం 0.90 మిల్లీమీటరు. బెజ్జం వెడల్పు అంతకంటే చాలా తక్కువ.

దారం ఎక్కించడంలో ఇబ్బంది

కంటిలోని కటకం వయసుతోపాటు సాగేగుణాన్ని కోల్పోవడం వల్ల దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి. దీనినే చత్వారం అంటారు. సాధారణంగా నలభై ఏళ్ళ ప్రాంతంలో ఇది బయటపడుతుంది. ఇది రోగం కాదు, వయసుతో అందరికీ వచ్చే మార్పు.

చత్వారం వచ్చినవారు పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పెట్టి చదువుతారు. చేతిసూదిని కూడా అదే విధంగా చూపు ఆనే దూరంలో, వెలుతురుకు ఎదురుగా పట్టుకోవచ్చు. మిషను సూది విషయంలో ఆ వీలు లేదు. సూది మిషనుకు బిగించి ఉంటుంది. దానిపై మిషను తల నీడ పడుతుంది. బెజ్జం పక్కకు తిరిగి ఉన్న మిషన్లలో కుట్టేవారు మెడ వంచి, తల పక్కకు తిప్పి చూడవలసి ఉంటుంది. దర్జీకి కొలతలు, కత్తిరింపు, కుట్టు అన్నీ చేతనైనా, రోజుకు అనేకసార్లు చేయవలసిన ఈ ఒక్క పని వద్ద ఆగిపోవడం జరుగుతుంది. దీనిని నైపుణ్యం తగ్గడంగా భావించి పని మానుకునేవారు ఉన్నారు. నిజానికి తగ్గినది దగ్గరి చూపు మాత్రమే.

దారం కొసను ఏటవాలుగా కత్తిరించడం, తడిచేసి వేళ్ళతో నలిపి చదును చేయడం, మైనం రాయడం, సూది వెనుక తెల్ల కాగితం పెట్టడం పాతకాలం నుండి వాడుకలో ఉన్న ఉపాయాలు. ఇంట్లోని పిల్లలను పిలిచి దారం ఎక్కించుకోవడం కూడా పల్లెలలో పరిపాటి. పిల్లలు బడికి, వసతిగృహాలకు, పట్టణాలకు వెళ్ళిన ఇళ్ళలో ఈ సాయం అందుబాటులో ఉండదు.

రకాలు

తీగ ఉచ్చు సాధనం: పలుచని రేకు లేదా ప్లాస్టిక్ బిళ్ళకు అమర్చిన సన్నని తీగ ఉచ్చు ఇది. ఉచ్చు చివర కోసుగా ఉంటుంది. ఇది అన్నిటికంటే చవకైనది. దీనిని చేతిసూదికి, మిషను సూదికి కూడా వాడవచ్చు.

కొక్కెం సాధనం: దీనికి తీగ ఉచ్చుకు బదులు చాలా సన్నని కొక్కెం ఉంటుంది. పెద్ద బెజ్జం గల సూదులకు అనుకూలం.

గాడి సాధనం: ఇది మిషను సూది కోసమే తయారైన ప్లాస్టిక్ పుల్ల. దీని చివర చీలిక, ఆ చీలిక మధ్యలో అతిసన్నని ముల్లు ఉంటాయి. కొన్నింటికి రెండవ చివర సూదిని పట్టుకొని మిషనులో బిగించడానికి రంధ్రం కూడా ఉంటుంది.

ఇవికాక కొన్ని కొత్త మిషన్లలో దారం ఎక్కించే మీట మిషనులోనే అమర్చి ఉంటుంది. బెజ్జానికి పక్కన చీలిక ఉండి, దారాన్ని పక్కనుండి జార్చగల సూదులు కూడా ఉన్నాయి.

వాడే విధానం

ముందు జాగ్రత్తలు

విద్యుత్ మిషను అయితే స్విచ్ ఆపాలి. కాలితో తొక్కే మిషను అయితే పాదాలు తొక్కుడు పలక మీదనుండి తీసివేయాలి. బట్టను అదిమిపట్టే ఫుట్‌ను పైకెత్తి, దారాన్ని రీలునుండి బిగింపు బిళ్ళల గుండా, మీట గుండా సూది వరకు తేవాలి. ఫుట్ పైకెత్తినప్పుడే బిగింపు బిళ్ళలు వదులై దారం వాటి మధ్య సరిగా కూర్చుంటుంది. చేతిచక్రాన్ని తనవైపుకు తిప్పి సూదిని పూర్తిగా పైకి తేవాలి. తరువాత ఫుట్‌ను కిందికి దించితే సూది చుట్టూ చోటు దొరుకుతుంది.

తీగ ఉచ్చుతో

1. పొడవు గాడి ఏ వైపు ఉందో గోటితో తడిమి తెలుసుకోవాలి.
2. తీగ ఉచ్చును గాడికి ఎదురువైపునుండి, అంటే నొక్కు ఉన్న వైపునుండి బెజ్జంలోకి దూర్చాలి.
3. గాడి వైపుకు వచ్చిన ఉచ్చులో దారం కొసను నాలుగు వేళ్ళ పొడవున దూర్చాలి.
4. సాధనాన్ని మెల్లగా, వంకర లేకుండా వెనుకకు లాగాలి. దారం మడతపడి బెజ్జం గుండా వస్తుంది.
5. ఉచ్చునుండి దారాన్ని విడదీసి, కొసను ఫుట్ కిందుగా వెనుకకు వేయాలి.

తీగను గాడి వైపునుండి దూర్చితే దారం ఎదురు దిశలో ఎక్కుతుంది. కొత్తగా వాడేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. తీగ వెళ్ళేది ఒక దిశ, దారం వచ్చేది దానికి వ్యతిరేక దిశ అని గుర్తుంచుకుంటే చాలు.

గాడి సాధనంతో

దారాన్ని సాధనం చివరి చీలికలో అడ్డంగా, బిగువుగా పట్టుకోవాలి. సాధనాన్ని పొడవు గాడి ఉన్న వైపున బెజ్జానికి పైన సూదికి ఆనించి, మెల్లగా కిందికి జార్చాలి. ముల్లు బెజ్జం వద్దకు రాగానే అందులోకి దిగి, దారాన్ని చిన్న ఉచ్చుగా అవతలికి తోస్తుంది. ఆ ఉచ్చును పట్టుకొని లాగాలి. ఈ పద్ధతిలో బెజ్జం కనిపించవలసిన అవసరం లేదు. సూది వెంట జారుతూ సాధనమే దానిని వెతుకుతుంది. అందువల్ల చూపు బాగా తగ్గినవారికి ఇది ఎక్కువ అనుకూలం.

నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలలో కుట్టుపని

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నల్గొండ జిల్లానుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్ నగర్ జిల్లానుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతం ఎక్కువగా వర్షాధార మెట్టభూమి. పాలమూరు కూలీల వలసలు ఎరిగినవే. వానలతో నిమిత్తం లేకుండా ఇంటిపట్టున ఉండి చేయగల పనిగా ఇక్కడ కుట్టుపనికి ప్రాధాన్యం ఉంది.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు నేతకు పేరుపొందినవి. చీరలకు ఫాల్ కుట్టడం, రవికెలు కుట్టడం ఊరూరా మహిళలకు ఆదాయమార్గం. తెలంగాణలో కుట్టుపని మేర కులస్థుల కులవృత్తి. తరువాతి కాలంలో శిక్షణ కేంద్రాల ద్వారా అన్ని వర్గాల మహిళలు ఈ వృత్తిలోకి వచ్చారు. 2024లో రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల ఏకరూప దుస్తుల కుట్టుపనిని స్వయం సహాయక మహిళా సంఘాల సభ్యులు చేశారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ వృత్తి ఒకటి. ఇందులో పనిముట్ల కొనుగోలుకు 15,000 రూపాయల వరకు సాయం ఉంది.

నల్గొండ జిల్లాకు సంబంధించి మరొక అంశం ఫ్లోరోసిస్. మర్రిగూడ, మునుగోడు, చండూరు తదితర ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగునీటిలో దీని పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వెలువడింది. ఈ వ్యాధి ముదిరినవారికి మెడ, వెన్నెముక, కీళ్ళు బిగుసుకుపోతాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు అందినప్పటికీ, అప్పటికే బిగిసిన ఎముకలు పూర్వస్థితికి రావు. మెడ వంచి బెజ్జంలోకి చూడలేనివారికి గాడి సాధనం ఉపయోగపడుతుంది.

చత్వారం, జీవనోపాధి

1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనానికి ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాలలో మహబూబ్ నగర్ జిల్లా ఒకటి. గ్రామీణులలో 30 ఏళ్ళు, ఆపై వయసువారిలో సగానికి పైగా చత్వారం ఉన్నట్లు ఈ అధ్యయనంలో తేలింది.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించి ఉచితంగా కంటిపరీక్షలు జరిపి, దగ్గరిచూపు అద్దాలు పంపిణీ చేసింది. రెండవ విడత 2023 జనవరి 18న మొదలైంది.

దగ్గరిచూపు అద్దాలకు, సంపాదనకు గల సంబంధంపై పరిశోధనలు జరిగాయి. అస్సాంలో 40 ఏళ్ళు, ఆపై వయసు గల తేయాకు కోత కార్మికులపై జరిపిన అధ్యయనం 2018లో ప్రచురితమైంది. అద్దాలు పొందినవారి పని, పొందనివారితో పోలిస్తే 21.7 శాతం ఎక్కువగా పెరిగింది. బంగ్లాదేశ్ గ్రామాలలో దర్జీలు, నేతపనివారు మొదలైన వృత్తులవారిపై జరిపి 2024లో ప్రచురించిన మరో అధ్యయనంలో అద్దాలు పొందినవారి ఆదాయం సుమారు 33 శాతం ఎక్కువగా నమోదైంది. ఇవి అద్దాలకు సంబంధించిన ఫలితాలే తప్ప దారం ఎక్కించే సాధనానికి సంబంధించినవి కావు. అయితే వయసుతో తగ్గిన దగ్గరి చూపు వృత్తిపనివారి ఆదాయాన్ని ఎంతగా దెబ్బతీస్తుందో ఇవి తెలుపుతాయి.

పరిమితులు, జాగ్రత్తలు

తీగ ఉచ్చు సున్నితమైనది. బలంగా లాగితే బిళ్ళనుండి ఊడిపోతుంది. చాలా సన్నని సూదుల బెజ్జంలో తీగ పట్టకపోవచ్చు. సూదికి మించిన లావు దారాన్ని సాధనంతో బలవంతంగా ఎక్కించినా కుట్టు సరిగా రాదు. అప్పుడు మార్చవలసినది సూదిని. వంగిన సూదికి, తలకిందులుగా బిగించిన సూదికి కూడా ఈ సాధనం పరిష్కారం కాదు. పని ముగిసిన తరువాత సాధనాన్ని మిషను మీద వదలకుండా డబ్బాలో పెట్టి, చిన్నపిల్లలకు అందకుండా ఉంచాలి.

ఈ సాధనం కళ్ళద్దాలకు ప్రత్యామ్నాయం కాదు. దారం ఎక్కిన తరువాత కుట్టు నడిచే గీతను, మొనకు దగ్గరగా కదిలే వేళ్ళను చూడటానికి అద్దాలు అవసరం. చూపు అకస్మాత్తుగా తగ్గినా, అద్దాలు పెట్టుకున్నా మసకగానే ఉన్నా అది శుక్లం, నీటికాసులు వంటి ఇతర కారణాల వల్ల కావచ్చు. అటువంటప్పుడు కంటివైద్యునికి చూపించుకోవాలి.

ఇవి కూడా చూడండి

కుట్టుమిషను
సూది
చత్వారం
మేర (కులం)
ఫ్లోరోసిస్
పోచంపల్లి చీర