అమెరికా అంతర్యుద్ధం: విముక్తికీ సమానత్వానికీ నడుమ భూమి

1865 జనవరి 12వ తేదీ రాత్రి జార్జియా రాష్ట్రంలోని సవన్నా నగరంలో ఒక అసాధారణమైన సమావేశం జరిగింది. ఒకవైపు యుద్ధమంత్రి ఎడ్విన్ స్టాంటన్, సేనాని విలియం షెర్మన్. మరొకవైపు ఇరవైమంది నల్లజాతి మతబోధకులు, చర్చి పెద్దలు. వారి తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్ వయస్సు 67 సంవత్సరాలు. అంతకు ఎనిమిదేళ్ల క్రితం వెయ్యి డాలర్ల వెండి బంగారాలు చెల్లించి తననూ తన భార్యనూ బానిసత్వం నుండి విడిపించుకున్న వ్యక్తి ఆయన. స్వేచ్ఛ లభించిన మీదట మిమ్మల్ని మీరు ఎలా పోషించుకోగలరన్న ప్రశ్నకు ఆయన సమాధానం సూటిగా ఉంది. తమకు భూమి కావాలి. దానిని తమ శ్రమతోనే దున్నుకొంటారు. కొనుక్కొనే శక్తి వచ్చేవరకు దానిపై తమను నిలబెడితే చాలు.

అంతర్యుద్ధ ఫలితాన్ని రాజ్యాంగంలోని 13, 14, 15వ సవరణల చరిత్రగా బోధించడం పరిపాటి. ఇది తప్పు కాదు గాని అసంపూర్ణం. బానిసత్వాన్ని రద్దు చేసి, పౌరసత్వాన్నీ ఓటుహక్కునూ ప్రసాదించిన సవరణలు రాజ్యాంగంలో చెక్కుచెదరక నిలిచి ఉండగానే, దక్షిణాది పత్తిచేలలో వాటి అమలు ఎందుకు కుప్పకూలిందన్న ప్రశ్నకు ఆ సవరణల పాఠంలో సమాధానం దొరకదు. ఫ్రేజియర్ కోరికకు పట్టిన గతిలో దొరుకుతుంది.

యుద్ధ లక్ష్యం మారిన తీరు

1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో దాదాపు 39.5 లక్షలమంది బానిసలు ఉన్నారు. నల్లవారు తెల్లవారితో సమానులు కారన్న సిద్ధాంతమే తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని దక్షిణాది సమాఖ్య ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో బహిరంగంగా ప్రకటించాడు. యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందన్న తర్వాతి కాలపు వాదాన్ని ఈ ఒక్క ప్రసంగమే పూర్వపక్షం చేస్తుంది. ఉత్తరాది వైఖరి మాత్రం అంత స్పష్టంగా లేదు. యుద్ధారంభంలో లింకన్ లక్ష్యం దేశ సమైక్యతే.

ఆ లక్ష్యాన్ని మార్చినవారిలో బానిసలే ముందున్నారు. 1861 మే నెలలో వర్జీనియాలోని మన్రో కోటకు ముగ్గురు బానిసలు పారిపోయి వచ్చినప్పుడు, వారిని తిరిగి అప్పగించడానికి సేనాని బెంజమిన్ బట్లర్ నిరాకరించాడు. శత్రువు యుద్ధానికి వాడుకొంటున్న ఆస్తి గనుక స్వాధీనం చేసుకొంటున్నానని ఆయన చూపిన కారణం. మనిషిని ఆస్తిగా చూసే వాదాన్నే తిప్పికొట్టి మనిషిని విడిపించిన ఈ తర్కం విచిత్రమైనదే. ఆ దారిన వేలమంది సైనిక శిబిరాలకు చేరుకొన్నారు. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించినా, నల్లవారికి సైన్యంలో చోటు కల్పించింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,79,000 మంది సైన్యంలో పనిచేశారు. దాదాపు 40,000 మంది మరణించారు. తెల్ల సైనికునికి నెలకు 13 డాలర్లు ఇస్తూ తమకు 10 డాలర్లు, అందులోనూ దుస్తులకు 3 డాలర్లు కోత విధించినందుకు మసాచుసెట్స్ 54వ దళం అసలు జీతమే పుచ్చుకోలేదు. 1864 జూన్‌లో కాంగ్రెస్ జీతాలను సమం చేసింది.

నలభై ఎకరాలు

సవన్నా సమావేశం జరిగిన నాలుగు రోజులకు, జనవరి 16న, షెర్మన్ తన 15వ ప్రత్యేక యుద్ధక్షేత్ర ఉత్తర్వు వెలువరించాడు. చార్లెస్టన్ నుండి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు గల తీరదీవులనూ, తీరం నుండి ముప్ఫై మైళ్ల లోపలి వరకు విడిచివేయబడిన పొలాలనూ విముక్తులకు కేటాయించి, కుటుంబానికి నలభై ఎకరాలకు మించకుండా ఇవ్వాలన్నది దాని సారాంశం. ఆ వేసవికి దాదాపు 40,000 మంది సుమారు 4 లక్షల ఎకరాలలో స్థిరపడ్డారు.

ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యాడు. మే 29న కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ప్రకటించిన క్షమాభిక్ష తిరుగుబాటుదారులకు బానిసలను తప్ప మిగిలిన ఆస్తినంతటినీ తిరిగి ఇచ్చింది. అక్టోబరులో దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవికి ఈ వార్త మోసుకుపోవలసిన బాధ్యత విముక్తుల సంస్థ అధిపతి ఆలివర్ హోవర్డ్‌పై పడింది. ఆయన స్వయంగా యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నవాడు. యజమానులను క్షమించి వారితో పని ఒప్పందాలు చేసుకోవలసిందిగా ఆయన కోరగా, దీవివాసులు రాసిన జవాబు నేటికీ చదువరిని నిలదీస్తుంది. చేయి పోగొట్టుకున్న మీరు క్షమించగలరేమో గాని, చెట్టుకు కట్టి కొరడాతో కొట్టినవాడు, తల్లినీ తోబుట్టువునూ కొట్టినవాడు, ఇప్పుడు మా గుడిసెను కూడా మాకు దక్కనివ్వనివాడు — అతనిని మేమెలా క్షమించగలమని వారు అడిగారు. భూములు వెనక్కు పోయాయి.

పెద్ద భూస్వాముల ఎస్టేట్లను జప్తు చేసి విముక్తులకు నలభై ఎకరాల చొప్పున పంచాలని థాడియస్ స్టీవెన్స్ కాంగ్రెస్‌లో పట్టుబట్టాడు గాని ఆయన పార్టీలోనే మద్దతు కూడలేదు. బానిసత్వాన్ని ద్వేషించిన ఉత్తరాది, ఆస్తిహక్కును పవిత్రంగానే భావించింది. దాని మిల్లులకు పత్తి కావాలి. సొంత చేను దొరికిన రైతు పత్తికి బదులు తిండిగింజలు పండిస్తే ఎట్లా అన్న భయమూ ఉంది.

మిగిలింది పాలుకు చేసే సేద్యం. పంటలో సగం భూస్వామికి. విత్తనాలకూ తిండికీ అప్పు ఇచ్చిన దుకాణదారుకు మిగిలిన సగంపై తాకట్టు. ఈ ఆర్థిక బంధానికీ రాజకీయ హక్కుకూ ఉన్న లంకె సామాన్యంగా చర్చకు రాదు. 1880ల చివరి వరకు అమెరికాలో రహస్య బ్యాలట్ లేదు; పార్టీలు ముద్రించిన చీటీని పట్టుకొని అందరి ఎదుట ఓటు వేయవలసిందే. ఎవరి పొలంలో గుడిసె వేసుకొన్నాడో ఆ యజమాని చూస్తుండగా వేసే ఓటు అది.

కాగితంపై నిలిచిన హక్కులు

ఆ స్థితిలోనూ నల్లవారు సాధించినది తక్కువ కాదు. 1870లో మిసిసిపి నుండి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో ప్రవేశించాడు. దక్షిణ కరోలినా దిగువసభలో నల్లజాతి సభ్యులే అధికసంఖ్యాకులయ్యారు. దక్షిణాదిలో ప్రభుత్వ పాఠశాల వ్యవస్థకు ఈ శాసనసభలే పునాది వేశాయి. 1873లో మహారాష్ట్రలో జోతీరావు ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 13న, ఈస్టర్ నాడు, లూసియానాలోని కోల్‌ఫాక్స్ పట్టణంలో సాయుధులైన శ్వేతజాతీయులు నల్లవారిని పదుల సంఖ్యలో చంపారు. వారిలో అనేకులు అప్పటికే లొంగిపోయినవారు. ఈ కేసులో 1876లో సుప్రీంకోర్టు, 14వ సవరణ రాష్ట్రాలను కట్టడి చేస్తుందే గాని వ్యక్తులను కాదని చెప్పి నిందితుల శిక్షలను రద్దు చేసింది. 1877లో సైన్యం కాపలా విరమించుకొంది. 1883లో అదే తర్కంతో హోటళ్లు, నాటకశాలలలో వివక్షను నిషేధించిన చట్టం కొట్టివేయబడింది. 1896 నాటి ప్లెసీ తీర్పు వేర్పాటునే న్యాయసమ్మతం చేసింది.

15వ సవరణ జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్నది. అక్షరాస్యత, పన్ను రశీదు వంటి కారణాలను గురించి మౌనం వహించింది. ఆ మౌనంలోనే లూసియానా ఓటర్ల జాబితా కరిగిపోయింది: 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు, 1904లో 1,342 మంది. 13వ సవరణలోనూ ఒక మినహాయింపు ఉంది. నేరానికి శిక్షగా నిర్బంధ శ్రమ చెల్లుతుంది. నిరుద్యోగినే నేరస్థునిగా చేసే దేశద్రిమ్మరి చట్టాలు ఉన్నచోట ఆ మినహాయింపు, ఖైదీలను గనులకూ తోటలకూ కిరాయికిచ్చే వ్యాపారంగా మారింది.

పరాజయం కంటే దాని చరిత్రరచన మరింత కాలం నిలిచింది. కొలంబియా విశ్వవిద్యాలయపు విలియం డన్నింగ్ శిష్యవర్గం పునర్నిర్మాణ యుగాన్ని అవినీతి, అసమర్థతల కాలంగా చిత్రించింది. ఓటుహక్కు హరణకు పాండిత్యపు ముద్ర వేసిన పని ఇది అనడం అతిశయోక్తి కాదు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్ 1935లో దానిని ఎదిరించి, బానిసలను యుద్ధ ఫలితాన్ని నిర్ణయించిన శ్రామికవర్గంగా నిలబెట్టాడు. ఆ గ్రంథానికి విశ్వవిద్యాలయాలలో తగిన చోటు దక్కడానికి ఒక తరం పట్టింది.

1954లో పాఠశాలల వేర్పాటును కొట్టివేసిన బ్రౌన్ తీర్పు 14వ సవరణపైనే నిలిచింది. కాని పదేళ్ల తర్వాత పౌరహక్కుల చట్టాన్ని రూపొందించినవారు హోటళ్లలో వివక్షను నిషేధించడానికి ఆ సవరణను మాత్రమే నమ్ముకోలేదు. 1883 నాటి తీర్పు ఇంకా చెల్లుబాటులో ఉంది. అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని వారు ప్రధానంగా ఆశ్రయించవలసి వచ్చింది. సుప్రీంకోర్టు కూడా ఆ ఆధారంపైనే చట్టాన్ని సమర్థించింది. ఫ్రేజియర్ అడిగిన భూమి ప్రసక్తి ఆ చట్టంలో గాని, మరుసటి సంవత్సరపు ఓటుహక్కు చట్టంలో గాని లేదు.