రాజమండ్రి వెళ్తే ధవళేశ్వరం దాకా వెళ్ళండి

బెంటన్‌విల్ నుంచి సెలవుకి ఇంటికెళ్ళే మనవాళ్ళలో గోదావరి జిల్లాలవాళ్ళు కూడా ఉన్నారు. రాజమండ్రిలో దిగుతాం, పుష్కర ఘాట్‌లో మునుగుతాం, వీలుంటే పాపికొండల లాంచీ ఎక్కుతాం, కడియం నర్సరీలు చూసొస్తాం. 2027లో పుష్కరాలు కూడా ఉన్నాయి. ఈసారి ఊరికి కాస్త దిగువనున్న ధవళేశ్వరానికి ఒక పూట పెట్టుకోండి.

రాజమండ్రి 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి రాజధాని. నన్నయ గారు తెలుగు భారతం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. 1881లో వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. ఇవన్నీ బళ్ళో చదువుకున్నాం. కూలి పని చేసినవాళ్ళ చరిత్ర మాత్రం అంతగా చదవలేదు.

1830ల్లో గోదావరి జిల్లాని కరువు పీల్చేసింది. 1839లో కోరంగి తీరాన్ని తుఫాను ముంచేసింది. 1821లో ఏడు లక్షలు దాటిన జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షల దగ్గరికి పడిపోయింది. నది పక్కనే పారుతున్నా నీళ్ళు పొలానికి ఎక్కేవి కావు. అప్పుడు కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించి, 1852కి పూర్తి చేయించాడు.

మన పనివాళ్ళం గమనించాల్సింది పునాది. ఇప్పుడు మట్టి పరీక్ష రిపోర్టు రాకుండా సైట్లో కాంక్రీటు పొయ్యనివ్వం. అక్కడేమో అడుగంతా ఇసుక. కావేరి మీది పాత కల్లణై చూసి, ఇసుకలో పునాది నిలబెట్టే పద్ధతి మన పూర్వీకుల నుంచే నేర్చుకున్నామని ఆ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. ఇసుకలో బావులు దింపి, వాటిమీద రాతి కట్టడం లేపారు. మధ్య లంకల్ని కలుపుకుంటూ నాలుగు ముక్కలుగా, మూడున్నర కిలోమీటర్లకి పైగా కట్టారు. కాటన్ దగ్గర పని నడిపించిన మనవాడు వీణెం వీరన్న గారు. ఆయన పేరు మిగిలింది. రాళ్ళు మోసిన వేలమంది పేర్లు ఎక్కడా కనపడవు.

ఆనకట్టతో డెల్టా పండింది. అయినా భూమి లేనివాళ్ళ వలస ఆగలేదు. కాకినాడ, కోరంగి రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళి, రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు. మనకంటే ముందు సముద్రం దాటినవాళ్ళు వాళ్ళే. వాళ్ళ పేర్లు కూడా చాలావరకు పోయాయి.

ఇప్పుడు ధవళేశ్వరంలో కనపడేది 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీ, 175 గేట్లు. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. రాజమండ్రిలో 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన కూడా చూపించండి.

ఆ బ్యారేజీ మీద, 1974 వంతెన మీద పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా మన ఊళ్ళల్లో ఉన్నారు, బాగా పెద్దవాళ్ళయ్యారు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి తాతగారుంటే ఒక గంట కూర్చోండి. ఏ పని చేశారు, రోజుకూలి ఎంత, మేస్త్రీ ఎవరు, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగి, ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆయన ఒప్పుకుంటే, వచ్చే ఏడాది మన పుస్తకంలో ఆ పేరు వేద్దాం.