యవ్వనంలో దైవారాధన: మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ జీవిత పాఠం

ప్రళయదినాన మరే నీడా లేని వేళ దైవ ఛాయ లభించే ఏడు విధాల మనుషులను ప్రవక్త మహనీయులు (సఅసం) పేర్కొన్నారు. న్యాయశీలుడైన పాలకుని వెంటనే వచ్చేది, తన ప్రభువు ఆరాధనలో పెరిగి పెద్దవాడైన యువకుడే. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. వృద్ధాప్యంలో కోరికలు వాటంతటవే సన్నగిల్లుతాయి. అవి బలంగా ఉన్న వయసులో వాటిని దైవాజ్ఞకు లోబరచడమే కష్టం. యువకుని ఆరాధనకు అంతటి విలువ అందుకే.

ఈ హదీసుకు చక్కని ఉదాహరణ ఆదిలాబాద్ పొరుగునే లభిస్తుంది. ఆదిలాబాద్, నాందేడ్ ప్రాంతాలు రెండూ 1948 వరకు నిజాం పాలనలోనివే. కిన్వట్ తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండి, ఆ తర్వాత నాందేడ్‌లో చేరింది. ఆ నాందేడ్ ప్రాంతపు కంధార్‌లో హిజ్రీ 1264 (క్రీ.శ. 1848)లో మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ జన్మించారు. పదకొండేళ్లకే దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. తర్వాత హైదరాబాద్‌లో ఫిరంగీ మహల్ పండితుల వద్ద ధర్మశాస్త్రాలు అభ్యసించారు.

అసలు పరీక్ష చదువు ముగిశాక ఎదురైంది. ఇరవై ఏళ్లు దాటిన వయసులో ఆయనకు నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగం దొరికింది. మిసిళ్లకు సారాంశం వ్రాయడం ఆయన పని. ఒకనాడు వడ్డీ లావాదేవీకి సంబంధించిన మిసిల్ ముందుకు వచ్చింది. వడ్డీ తినేవానితోపాటు ఆ పత్రం వ్రాసేవానిని కూడా ప్రవక్త (సఅసం) శపించారన్న విషయం ఆయన ఎరిగినదే. ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశారు. సర్కారు కొలువంటే గౌరవమూ, నెలనెలా జీతమూ ఉన్న రోజులవి. ఆ నిర్ణయం ఒక్కపూట ఆవేశం కాదు. పదకొండేళ్ల వయసులో గుండెలో నిలిచిన గ్రంథమే ఆనాడు కలాన్ని ఆపింది.

కొలువు వదిలిన ఆయన బోధనకు అంకితమయ్యారు. హిజ్రీ 1292 (క్రీ.శ. 1876)లో, ముప్పై ఏళ్లు నిండకముందే, హైదరాబాద్‌లో జామియా నిజామియాకు పునాది వేశారు. అరుదైన అరబీ గ్రంథాల ముద్రణకై 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకులలోనూ ఆయన ఒకరు. ఆరవ, ఏడవ నిజాములకు ఉస్తాద్‌గా ఉన్నారు. కొంతకాలం ధార్మిక వ్యవహారాల మంత్రి పదవినీ నిర్వహించారు. దైవభీతితో చిన్న కొలువును వదులుకున్న వానికి అల్లాహ్ పెద్ద బాధ్యతనే అప్పగించాడు. 1918లో కన్నుమూసిన ఆయన సమాధి జామియా ఆవరణలోనే ఉంది. ఆ విద్యాలయం నేటికీ నడుస్తోంది.

తల్లిదండ్రులు గ్రహించవలసిన విషయం ఇది. పిల్లవానికి ఖుర్ఆన్ వల్లె వేయిస్తే సరిపోదు. జీతానికీ ధర్మానికీ పేచీ వచ్చిన రోజున అతడు ఏ పక్షాన నిలుస్తాడన్నదే ఆ చదువుకు గీటురాయి. అటువంటి రోజు చెప్పి రాదు. అందుకు సిద్ధపరచే పని బాల్యంలోనే మొదలు కావాలి.