రాజ్యభ్రష్టుని పక్షమున వర్తకులు

యుద్ధచరిత్రములు వ్రాయువారు రాజులను, సేనానులను గొనియాడుదురే కాని, తుపాకుల నెవరు కొనిరి, మందుగుండునకు రొక్క మెవరిచ్చిరి, ఓడల నెవరు సమకూర్చిరి యను సంగతులను తరచుగా విడిచిపుచ్చుదురు. వర్తకము కులవృత్తిగా గల మనకు ఆ విడిచిన భాగమే ముఖ్యము. కావున పాశ్చాత్యచరిత్రమునుండి యొక యుదాహరణమును కులబాంధవులకు విన్నవించుచున్నాము.

1688లో ఇంగ్లండురాజగు రెండవ జేమ్సు సింహాసనమును విడిచి ఫ్రాన్సునకు పాఱిపోయెను. అతని కుమారుడును రాజ్యము తనదేయని చెప్పుకొనుచు, తుదకు రోమునగరమున ప్రవాసియై కాలము గడపెను. వీరి పక్షమువారికి జాకోబైట్లని పేరు. 1745లో ఆ ప్రవాసి పెద్దకుమారుడగు ఛార్లెసు ఎడ్వర్డు, ఫ్రెంచిరాజు సైన్యము నంపకున్నను, స్కాట్లండునకు పోయి తండ్రి రాజ్యమును సాధింప నిశ్చయించెను.

రొక్కము లేక ఆయుధములు రావు. పారిసులోని వాటర్సు అను సాహుకార్లయొద్ద అతడు 1,80,000 లీవరులు ఋణము గొనెను. తన యాభరణములను కుదువబెట్టియైనను దానిని తీర్పుడని తండ్రికి జాబు వ్రాసెను. ఆ ధనముతో 1,500 తుపాకులును, 1,800 ఖడ్గములును, 20 చిన్న ఫిరంగులును, మందు, గుండ్లు, చెకుముకిరాళ్లును సమకూడెను. ఆ కాలపు తుపాకికి చెకుముకి లేక నిప్పు లేదు. సురేకారము, బొగ్గు, గంధకము కలిపి చేసిన మందు తడిసిన గుండు కదలదు. కావున వీనిని భద్రముగా దాటించుటయే పెద్దకార్యము. నాంటురేవు వర్తకుడగు ఆంటోనీ వాల్షు తన చిన్నయోడ నిచ్చి తానును వెంటబోయెను. రట్లెడ్జి యను మఱియొక వర్తకుడు 64 ఫిరంగుల ఎలిజబెత్తు అను యుద్ధనౌకను కుదిర్చెను.

ఇంగ్లీషువారి పాతపంచాంగము ప్రకారము జూలై 9వ తేదీని లయన్ అను ఇంగ్లీషు యుద్ధనౌక ఎదురయ్యెను. గంటలతరబడి పోరు జరిగి, ఎలిజబెత్తు ఛిద్రమై, ఆయుధములలో నధికభాగముతో ఫ్రాన్సునకు మరలిపోయెను. ఛార్లెసు కొలదిమందితో దిగెను. అయినను ఆగష్టు 19వ తేదీని గ్లెన్‌ఫిన్నను వద్ద ధ్వజమెత్తెను. సెప్టెంబరులో ప్రెస్టన్‌పాన్సు వద్ద గెలిచి శత్రువుల యాయుధములనే తనవిగా జేసికొనెను.

ఆ పిమ్మట ఫ్రాన్సునుండి కొంత సామగ్రి చేరెను గాని చాలలేదు. 1746 మార్చిలో సుమారు 13,000 పౌనుల బంగారము తెచ్చుచున్న యోడ ఉత్తరతీరమున మెరకబట్టి, ధనము శత్రువుల పాలయ్యెను. జీతము లేక, కడుపునిండ తిండి లేక, ఏప్రిలు 16వ తేదీని కల్లొడెను వద్ద ఆ సేన నశించెను. మే నెలలో ఫ్రెంచి యోడలు మరల బంగారము దింపెను. అప్పటికి దానిని వెచ్చించుటకు సేన లేదు! గెలిచినవారు పర్వతప్రాంత ప్రజల యాయుధములను, వారి దేశీయవస్త్రధారణమును గూడ చట్టముచే నిషేధించిరి. అదే మహాయుద్ధమున 1746లో మన చెన్నపట్టణమును ఫ్రెంచివారు పట్టుకొనిరి.

అదను తప్పి వచ్చిన సరకు అంగడికి వలెనే యుద్ధమునకును నిరర్థకము. ఇంకొకటి. వాల్షు సాహసికుడే, ప్రవాసరాజు అతనికి ప్రభుబిరుదమును గూడ నొసగెను. కాని అతని యైశ్వర్యమునకు మూలము ఆఫ్రికామనుష్యులను బానిసలుగా నమ్ము వ్యాపారము. ఇది చెప్పక విడుచుట చరిత్రకు ద్రోహము. ఏ కార్యమున కిచ్చితిమో యనుటతోపాటు, ఇచ్చిన ధనము ఎట్లు వచ్చెనో కూడ లోకము విచారించును. మన దాతలు ఈ రెండింటను నిర్మలులై, తగిన సమయమున నిచ్చి, కీర్తివంతులగుదురు గాక!