హృదయ స్తంభన: ఆసుపత్రి చికిత్స చరిత్ర

గుండె ఉన్నట్టుండి రక్తాన్ని తోయడం మాని, నాడి అందకుండా పోవడమే ఆకస్మిక హృదయ స్తంభన. వాడుకలో కార్డియాక్ అరెస్ట్. గుండెపోటు దీనికి దారితీయవచ్చు గానీ రెండూ ఒకటి కావు. గుండెపోటు వచ్చిన మనిషి మాట్లాడుతూ ఉండొచ్చు. గుండె ఆగిన మనిషికి సెకన్లలోనే స్పృహ పోతుంది.

1950ల దాకా ఆసుపత్రుల్లో దీనికి ముఖ్యమైన చికిత్స ఛాతీ కోసి గుండెను చేత్తో పిసకడమే. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సర్జన్ క్లాడ్ బెక్ 14 ఏళ్ల బాలుడికి ఛాతీ ఎముక లోపం సరిచేసి గాయం మూస్తుండగా గుండె ఆగింది. బెక్ మళ్లీ ఛాతీ తెరిచి, చేత్తో గుండెను ఆడిస్తూ, చివరికి పలకలు నేరుగా గుండెకే ఆనించి కరెంటు షాక్ ఇచ్చాడు. పిల్లవాడు బతికాడు. 1956లో బోస్టన్ వైద్యుడు పాల్ జోల్ ఛాతీ కోయకుండా పైనుంచే షాక్ ఇచ్చి చూపాడు.

ఛాతీ నొక్కే పద్ధతి మాత్రం అనుకోకుండా దొరికింది. జాన్స్ హాప్కిన్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరు విలియం కౌవెన్‌హోవెన్ బృందం కుక్కల మీద ప్రయోగాలు చేస్తోంది. బరువైన పలకలను ఛాతీకి అదిమినప్పుడు, కరెంటు ఇవ్వకముందే రక్తపోటు పెరగడం బృందంలోని గై నికర్‌బాకర్ కంటపడింది. సర్జన్ జేమ్స్ జూడ్‌తో కలిసి 1960లో వారు ప్రచురించిన వ్యాసంలో ఉన్నది 20 మంది రోగులే. 14 మంది బతికారు. ఆ 70 శాతాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. వారిలో చాలామందికి గుండె ఆగింది మత్తుమందు ఇచ్చినప్పుడు, వైద్యుల కళ్లెదుటే.

1962లో కాన్సాస్ సిటీలో వైద్యుడు హ్యూస్ డే గుండె రోగులకు మానిటర్లతో ప్రత్యేక వార్డు పెట్టాడు. అయినా ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన షాక్ వేళకు అందుతుందన్న భరోసా లేదు. 2008లో వెలువడిన అమెరికా అధ్యయనం ప్రకారం, ఆసుపత్రిలోనే గుండె ఆగి షాక్ అవసరమైనవారిలో దాదాపు 30 శాతం మందికి అది రెండు నిమిషాలు దాటాకే అందింది. ఆలస్యమైనవారిలో ప్రాణాలతో డిశ్చార్జి అయినవారు 22 శాతం, వేళకు అందినవారిలో 39 శాతం. రాత్రిళ్లు, వారాంతాల్లో ఆలస్యం ఎక్కువ.

గుండె తిరిగి కొట్టుకున్నాక మెదడు సంగతేమిటన్నది తర్వాతి చిక్కు. శరీరాన్ని చల్లబరిచి మెదడును కాపాడటంపై 2002లో యూరప్, ఆస్ట్రేలియాల నుంచి రెండు అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి. మెల్‌బోర్న్‌లో రోగి తల, మెడ, ఒళ్లు, కాళ్లూచేతుల చుట్టూ ఐసు సంచులు పేర్చి శరీరాన్ని 33 డిగ్రీలకు దించారు. యూరప్‌లో చల్లబరిచినవారిలో 55 శాతం మంది మెదడు చెప్పుకోదగ్గంతగా కోలుకుంది. మామూలు చికిత్స పొందినవారిలో 39 శాతం మందిదే. ఐసీయూలు చల్లదనాన్ని నెత్తికెత్తుకున్నాయి. 2013లో 33 డిగ్రీలకూ 36 డిగ్రీలకూ ఫలితంలో తేడా లేదని తేలింది. 2021లో సుమారు 1,850 మందితో జరిగిన అధ్యయనం ఇంకాస్త నిక్కచ్చిగా చెప్పింది: 33 డిగ్రీలకు దించినవారిలో ఆరు నెలల్లో 50 శాతం, జ్వరం రాకుండా మాత్రమే చూసుకున్నవారిలో 48 శాతం మరణించారు. పాత అధ్యయనాల్లో పోలిక కోసం తీసుకున్న రోగుల్లో చాలామందికి జ్వరం వచ్చింది. లాభమంతా జ్వరాన్ని అడ్డుకోవడంలోనే ఉందేమోనన్న అనుమానం అప్పటినుంచి బలపడింది.

స్పృహ రాని రోగి భవిష్యత్తుపై తీర్పు చెప్పడంలోనూ తొందర తగ్గింది. గుండె తిరిగి కొట్టుకున్నాక కనీసం 72 గంటలు ఆగి, కంటిపాప స్పందన, మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష (ఈఈజీ), స్కాన్‌లు కలిపి చూడాలని 2021 యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏదో ఒక్క పరీక్షను నమ్మి వెంటిలేటర్ తీయించే నిర్ణయం వాటి ప్రకారం కుదరదు.