మంద్రనాదము – కాలసామ్యము

మృదంగమునకు ముఖములు రెండు. ఎడమవైపు తొప్పి మంద్రముగా మ్రోగును. కుడిముఖము నిశితముగా పలుకును. రెండు చేతులును ఒకే కాలప్రమాణమున నడచినప్పుడే దానిని ఒక వాద్యమందుము. ధ్వనియంత్రములకును ఈ నియమము వర్తించునని తెలిపినది ఒక నర్తకి పాదఘాతము.

పెద్ద స్పీకరు మంద్రధ్వనులను చక్కగా పలికించును గాని, సెకనుకు వేల కంపనములు గల తారధ్వనులకు అది తగినది కాదు. చిన్న స్పీకరు సంగతి ఇందుకు విరుద్ధము. అందుచేత పనిని విభజింపవలసి వచ్చినది. 1933 ఏప్రిల్ 27న బెల్ ప్రయోగశాలలవారు ఫిలడెల్ఫియాలోని వాద్యగోష్ఠిని టెలిఫోను తంతుల ద్వారా వాషింగ్టనులో వినిపించిరి. హార్వే ఫ్లెచర్ నాయకత్వమున రూపొందిన ఆ సాధనములో మంద్రమునకొక కొమ్ము, తారమునకు వేరొక కొమ్ము ఉండెను.

తరువాత ఎం.జి.ఎం. చిత్రసంస్థ ధ్వనిశాఖాధిపతి డగ్లస్ షేరర్, ఇంజనీరు జాన్ హిలియర్డ్ సినిమాశాలలకు తగిన సాధనమును నిర్మింపబూనిరి. ఫ్లెచర్ పద్ధతిని పరీక్షించినపుడు ఒక వింత బయటపడెను. ఎలినార్ పవెల్ ట్యాప్ నృత్యమున ఒక్కొక్క అడుగు రెండుగా వినవచ్చెను! మంద్రపు కొమ్ము తారపు కొమ్ముకన్న సుమారు 8 అడుగులు పొడవు. ఆ దూరము నడచుటకు శబ్దమునకు సెకనులో వేయింట ఏడు భాగములు పట్టును. సాగెడు స్వరములలో దాగిన లోపము తెగిపడు పాదఘాతమున దాగలేదు. వారు మంద్రపు కొమ్మును కుదించి, రెండు మార్గములను ఇంచుమించు సమము గావించిరి. ఆ కృషికి 1936వ సంవత్సరపు అకాడమీ శాస్త్రసాంకేతిక పురస్కారము లభించినది.

ఈ సమస్య పిమ్మట గృహములలోనికిని వచ్చినది. సబ్‌వూఫరు అను మంద్రపు పెట్టెను గదిలో ఒక మూల, ప్రధాన స్పీకర్లను ముందు నిలుపుట పరిపాటి. సెకనుకు 80 కంపనముల వద్ద రెండింటి ధ్వనులును కలియుననుకొందము. ఆ తరంగము పొడవు దాదాపు 14 అడుగులు. రెండు మార్గములకు 7 అడుగుల తేడా వచ్చినచో ఒకటి ముందుకు నెట్టినపుడు రెండవది వెనుకకు లాగును, నాదము నశించును. అప్పుడు శబ్దమును పెంచినను లోటు తీరదు. వాద్యకారులు లయ తప్పినపుడు గట్టిగా వాయించిన ప్రయోజనమేమి?

1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ ప్రకటించిన వ్యాసము ఇందుకొక మార్గము చూపినది. రసెల్ రైలీ సహకారమున రూపొందిన ఆ విద్యుద్విభాజకమున, సంధిస్థానము వద్ద రెండు శాఖలును చెరి సగము పీడనము నిచ్చుచు ఒకే దశలో నడచును; రెండు సగములు కలసి పూర్ణమగును. అయితే దూరము వలన కలుగు ఆలస్యమును అది తీర్పజాలదు.

కావున శ్రోత చేయదగిన పరీక్ష సులభమైనది. సంధిస్థానపు స్వరమును నిలకడగా మ్రోగించి, తాను కూర్చుండు చోట వినుచు, మంద్రపు పెట్టె స్థానమును, దశను, ఆలస్యమును మార్చి చూడవలెను. ఎప్పుడు స్వరము మిక్కిలి బలముగా వినవచ్చునో అప్పుడే రెండును కలసినవి. అటుపిమ్మటనే శబ్దస్థాయిని తగ్గించి తీర్చవలెను. మంద్రపు పెట్టె ఎక్కడనున్నదో చెవికి తెలియకపోవుటయే దానికి శోభ.