ఉజ్జీ కాదు, ఉజ్జీవం

నాచారం రోడ్డు పక్కన కట్టిన ఓ చర్చి ఫ్లెక్సీలో చోటు చాలక మాట విరిగింది: పై వరుసలో ‘ఉజ్జీ’, కింద ‘వ సభలు’. ఉజ్జీ అంటే సరిజోడు, చెడుగుడులో ఎదుటి మొనగాడు. పాస్టర్ల మధ్య పోటీలేమోనని బస్సులో ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేం! అసలు మాట ఉజ్జీవం. ‘ఉత్’ అంటే పైకి. దానికి ‘జీవ’ చేరితే, సత్ + జనుడు సజ్జనుడైనట్టే, ఉజ్జీవ అయింది. పడిపోయిన ప్రాణం మళ్లీ లేవడం. సంజీవని దీని చుట్టమే. శ్రీవైష్ణవులు ఆత్మ తరించడాన్ని ఉజ్జీవనం అంటారు. క్రైస్తవుల నోట అది చల్లారిన సంఘం తిరిగి రగలడం. 1906లో తెలుగు బాప్టిస్టు సంఘాల్లో వచ్చిన కదలికకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు ఉప్పల్ నుంచి మల్కాజిగిరి దాకా ఉజ్జీవమంటే 3 రాత్రుల షామియానా, సౌండ్ బాక్సులు. మరి నాలుగో రోజు సంగతి? దానికి తెలుగు బైబిల్లో వేరే మాట ఉంది: క్షేమాభివృద్ధి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పదేపదే వస్తుంది. అక్కడి గ్రీకు మాట ‘ఒయికొదొమె’కు ఇల్లు కట్టడమని అర్థం. చిత్రమేమిటంటే, సంస్కృత క్షేమానికీ ‘నివసించు’ అనే ‘క్షి’ ధాతువే మూలం. యోగక్షేమాల్లో యోగం లేనిది దక్కడం, క్షేమం దక్కింది నిలవడం. ఉజ్జీవానికే చోటు చాలని ఫ్లెక్సీలో క్షేమాభివృద్ధి ఎక్కడ పడుతుంది!